చలనచిత్రములలో రహస్యసంఘముల చిహ్నములు

మూసియున్న తలుపును చూచినపుడు దాని వెనుక నేమున్నదో తెలిసికొనవలెనను కుతూహలము మనుష్యులకు సహజము. తెఱచియున్న తలుపు ప్రక్కగా పదిమాఱులు నడచిపోయినను లోనికి చూడనివాడు, అదే తలుపునకు తాళము పడినపుడు తాళపు రంధ్రమునకు కన్ను చేర్చును. చలనచిత్రములు తీయువారు ఈ సంగతి బాగుగా నెఱిగినవారు. కొవ్వొత్తుల వెలుగు, నల్లని ముసుగులు, గోడపై చెక్కిన త్రికోణము, తెలియని భాషలో పఠించు మంత్రములు, ఇవి తెఱమీద కనబడగానే ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి కూర్చుండును.

చిత్రము ముగిసి, అందఱును ఇండ్లకు పోయిన తరువాత మఱియొక కథ ప్రారంభమగును. “అది వట్టి కల్పన కాదు. లోకమును తెఱచాటుననుండి నడపు రహస్యసంఘములు నిజముగా నున్నవి. వారి గుర్తులను, వారి పూజావిధులను చిత్రములలో దాచియుంచినారు. తెలిసినవారికే తెలియును” అని కొందఱు చెప్పుదురు. ఇట్టి మాటలు నేడు చేతిలోని ఫోనుద్వారా బాలురకును బాలికలకును క్షణములో చేరుచున్నవి. ఇందులో నిజమెంత, కల్పన యెంత యని విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. కొన్ని ప్రసిద్ధ చిత్రములను తీసికొని, వానిలో కనబడు చిహ్నము ఎక్కడనుండి వచ్చినదో, దానిని అక్కడ ఎవరు ఎందుకు ఉంచిరో పరిశీలింతము.

ముందుగా ఈ సంఘములను గూర్చి కొంత తెలిసికొనవలెను. వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఫ్రీమేసనుల సంఘము. మేసను అనగా రాతితో కట్టడములు కట్టు పనివాడు. పూర్వము ఐరోపాలో గొప్ప దేవాలయములను కట్టిన శిల్పుల ఆచారములనుండి తమ ఆచారములు పుట్టినవని ఈ సంఘమువారు చెప్పుకొందురు. 1717 లో లండను నగరమునందు నాలుగు లాడ్జీలు కలిసి మహాలాడ్జి యేర్పడెనని వారి సంప్రదాయము. 1723 లో జేమ్స్ ఆండర్సన్ అను క్రైస్తవ బోధకుడు కూర్చిన వారి నియమావళి అచ్చుపడెను. వారి ముఖ్య చిహ్నములు తాపీపనివాని పనిముట్లే. మూలమట్టము నడవడిలో వంకర లేకుండవలెనని చెప్పును. వృత్తలేఖిని కోరికలకు హద్దు గీచుకొనవలెనని చెప్పును. నడుమునకు కట్టుకొను ఏప్రను శ్రమకు గౌరవమును సూచించును.

ఈ సంఘము మన దేశమునకు క్రొత్త కాదు. 1730 లోనే కలకత్తాలో ఒక లాడ్జి స్థాపితమైనది. నరేంద్రనాథ దత్తు, అనగా తరువాత స్వామి వివేకానందుడైన యువకుడు, 1884 లో కలకత్తాలోని ఒక లాడ్జిలో చేరెను. హైదరాబాదునందలి గోషామహలు బారాదరి 1872 నుండి ఫ్రీమేసనుల సమావేశ మందిరముగా నుపయోగపడుచున్నది. తలుపు మూసికొని చేయు పనిని చూచి లోకులు భయపడిరి గనుక, ఇట్టి భవనములకు హిందూస్థానీలో ‘జాదూఘర్’ అను పేరు వచ్చినది. జాదూఘర్ అనగా మాయల యిల్లు.

దాగియున్నది సంఘము కాదనుట దీనివలన స్పష్టము. భవనము వీథిలోనే యున్నది. సభ్యులెవరో ఊరివారికి తెలియును. దాచిపెట్టినది దీక్ష యిచ్చు పద్ధతియు, సభ్యులు ఒకరినొకరు గుర్తుపట్టు సంకేతములును మాత్రమే. అదియు చిరకాలము దాగలేదు. 1730 లోనే శామ్యూల్ ప్రిచర్డ్ అనునతడు ఆ విధులను వివరించుచు లండనులో ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. దాదాపు మూడువందల యేండ్ల క్రిందటనే అంగడిలో అమ్ముడుపోయిన మర్మమును నేడు ఎవరో క్రొత్తగా కనుగొన్నట్లు చెప్పుట వింత గదా!

రెండవది ఇల్యూమినాటి యను సంఘము. అనగా వెలుగు పొందినవారు. జర్మనీలోని బవేరియా ప్రాంతమున, ఇంగోల్‌ష్టాట్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన ఆడమ్ వైస్‌హౌప్ట్ దీనిని 1776 మే 1 వ తేదీన స్థాపించెను. మూఢవిశ్వాసములను తొలగించి పాలనలో వివేకమును ప్రవేశపెట్టవలెనని అతని ఆశయము. బవేరియా ప్రభువు 1784, 1785 సంవత్సరములలో శాసనములు చేసి రహస్యసంఘములను నిషేధించెను. దానితో ఈ సంఘము పది సంవత్సరములైన నిండకుండగనే నశించెను. అయినను 1797 లో ఫ్రాన్సునకు చెందిన బారుయెల్, స్కాట్లండునకు చెందిన జాన్ రాబిసన్ వేఱువేఱుగా పుస్తకములు వ్రాసి, ఫ్రెంచి విప్లవమునకు ఈ సంఘమే కారణమని నిందించిరి. మనిషి చనిపోయినను నీడ మిగిలినట్లు, సంఘము పోయి దాని పేరు మాత్రము మిగిలినది. నేటి చిత్రములలో వినబడు ఇల్యూమినాటి ఆ నీడయే.

ఇక కళాకృతులలో రహస్యసంఘముల గుర్తులు ఎన్నడును లేవా యన్నచో, ఉన్నవనియే చెప్పవలెను. సంగీత విద్వాంసుడైన మోజార్టు 1784 లో వియన్నాలో ఫ్రీమేసనుల సంఘమున చేరెను. ఆయన 1791 లో రచించిన ‘మాయావేణువు’ అను సంగీతనాటకములో ఆ సంఘమునకు ప్రియమైన మూడు అను సంఖ్య పదేపదే వచ్చును. ఆరంభములో మూడు గంభీరమైన స్వరసమూహములు, ముగ్గురు స్త్రీలు, ముగ్గురు బాలురు, నిప్పు నీళ్లగుండ నడచు పరీక్షలు. పాటల మాటలను సమకూర్చిన షికానెడరును ఫ్రీమేసనే. స్వీడను దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ ఈ నాటకమును 1975 లో చిత్రముగా తీసినపుడు ఆ గుర్తులును తెఱకెక్కినవి. కాని ఇందు కుట్ర యేమియు లేదు. భయమును జయించి, మౌనమును పాటించి, జ్ఞానమును పొందవలెనను ఉపదేశమే యున్నది. ఇచ్చట ఆధారము గట్టిది, ఏలయనగా కర్త యెవరో, ఏ సంఘమువాడో, ఎప్పుడు చేరెనో మనకు తెలియును.

ఈ ఆధారమను కొలబద్దను చేతబట్టి ఇతర చిత్రములను చూతము.

అదే 1975 లో జాన్ హ్యూస్టన్ తీసిన ‘ద మేన్ హు వుడ్ బి కింగ్’ అను చిత్రము, అనగా రాజు కాగోరిన మనుష్యుడు, మన దేశమునకు దగ్గఱి కథ. మూలకథను రడ్‌యార్డ్ కిప్లింగు 1888 లో ప్రకటించెను. ఆయన 1886 లో లాహోరులో ఇరువదియొక్క యేండ్లు నిండకముందే ఫ్రీమేసనుల లాడ్జిలో చేరినవాడు. కథలో ఇద్దఱు మాజీ సిపాయిలు హిందూస్థానమునుండి బయలుదేఱి హిందూకుష్ పర్వతములు దాటి కాఫిరిస్తాన్ అను ప్రాంతమున రాజ్యము సంపాదింప బోవుదురు. అది నేటి ఆఫ్‌గనిస్తానములోని నూరిస్తాన్. అక్కడి పూజారులు డ్రావట్ అనువాని మెడలోని మేసను పతకమును చూచి నిలిచిపోవుదురు. పూర్వము సికందరు విడిచిపోయిన ఱాతిమీద అదే గుర్తు ఉన్నదట! వెంటనే అతడు సికందరు కుమారుడని, దేవుడని మ్రొక్కుదురు.

ఇది కథగా మనోహరము, చరిత్రగా అసంభవము. సికందరు క్రీస్తునకు పూర్వము 323 లో మరణించెను. లండనులో మహాలాడ్జి యేర్పడినది రెండువేల యేండ్లు గడచిన తరువాత. అయినను కిప్లింగు ఆ గుర్తును ఎందుకు వాడెనో యోచింపుడు. దైవత్వమునకు ఆధారము ఒక పతకమైనపుడు అది యెంత పెళుసైనదో చూపుటకే. పెండ్లినాడు వధువు భయముతో అతనిని కఱచును. చెంపనుండి రక్తము కాఱును. దేవునికి రక్తమేమిటని పూజారులు తిరుగబడుదురు. త్రాళ్లవంతెనపై నిలిచిన డ్రావట్ ఆ త్రాళ్లు తెగి అగాధములో పడిపోవును. గుర్తును చూచి నమ్మినవారును మోసపోయిరి, గుర్తును చూపి నమ్మించినవాడును చెడిపోయెను. ఈ చిత్రము రహస్యసంఘమును పొగడుటకు తీసినది కాదు, గుర్తుమీద కట్టిన రాజ్యముయొక్క పతనమును చూపుటకు తీసినది.

2004 లో వచ్చిన ‘నేషనల్ ట్రెజర్’ అను అమెరికా చిత్రము ఇంకను లఘువైనది. దానిలో ఒక తాత తన మనుమనికి ఒక డాలరు నోటును చూపి, దానిపైని కన్ను, గోపురము ఫ్రీమేసనులు దాచిన నిధికి గుర్తులని చెప్పును. ఆ తాత వేషము ధరించిన క్రిస్టఫర్ ప్లమ్మరే 1975 నాటి చిత్రములో కిప్లింగు వేషము ధరించినవాడగుట ఒక చిత్రమైన సంగతి. ఇప్పుడు ఆ నోటును మనమే పరిశీలింతము. త్రికోణములోని కన్ను ఫ్రీమేసనులు కల్పించినది కాదు. సర్వమును చూచు దేవుని దృష్టికి గుర్తుగా దానిని క్రైస్తవ చిత్రకారులు దేవాలయములలో చిత్రించుచుండిరి. త్రికోణము త్రిత్వమును సూచించును. అమెరికా రాజముద్రకై 1776 లో ఆ కన్నును సూచించిన చిత్రకారుడు ద్యు సిమితియేర్. ముద్ర తుదిరూపమును పొందినది 1782 జూన్ 20 న. గోపురమునకు పదమూడు మెట్లుండుట పదమూడు రాష్ట్రముల గుర్తు. అడుగున నున్న 1776 స్వాతంత్ర్యప్రకటన సంవత్సరము. ఇల్యూమినాటి అదే సంవత్సరమున పుట్టుట కాకతాళీయము. డాలరు నోటుమీద ఈ ముద్రను వేసినది 1935 లో మాత్రమే.

ఆ చిత్రములో నిధి పటము స్వాతంత్ర్యప్రకటన పత్రము వెనుక కంటికి కనబడని సిరాతో వ్రాయబడియుండును. అసలు పత్రము వెనుక వ్రాత యున్నమాట నిజమే. అది తలక్రిందుగా వ్రాసిన ఒక్క పంక్తి, ఇది 1776 జూలై 4 నాటి అసలు స్వాతంత్ర్యప్రకటన యని తెలుపునది. చుట్టగా చుట్టియుంచిన కాగితమేదో గుర్తుపట్టుటకు వ్రాసిన చీటివంటిది. మఱియు, నిధి రహస్యమును చెప్పిన ఫ్రీమేసనుగా చిత్రము చూపు ఛార్లెస్ కారల్ ప్రకటనపై సంతకము చేసినవారిలో ఏకైక కథోలికుడు. ఆయన 1832 లో చనిపోయెను. కథోలికులు ఆ సంఘమున చేరరాదని పోపు 1738 లోనే ఆజ్ఞాపించియుండెను. ఇట్లు ఒక్కొక్క గుర్తును పట్టుకొని మూలమును వెదకినచో మర్మము కరగిపోయి, దానికంటె రుచికరమైన చరిత్ర మిగులును.

తెఱమీది గుప్తపూజలు ఎట్లు తయారగునో తెలిసికొనుటకు 1999 నాటి ‘ఐస్ వైడ్ షట్’ అను చిత్రము తగిన యుదాహరణము. ఇది పెద్దలకు ఉద్దేశింపబడినది, విద్యార్థులు చూడదగినది కాదు. దానిని చెప్పుట ఒక సంగతి కొఱకు మాత్రమే. దర్శకుడు స్టాన్లీ క్యూబ్రిక్. మూలము ఆస్ట్రియా రచయిత ఆర్థర్ ష్నిట్స్‌లర్ 1926 లో ప్రకటించిన కథ. అందులో ముసుగులు ధరించిన ధనికుల రహస్యకూటమొకటి యున్నది. అక్కడ వినబడు భయంకరమైన మంత్రము ఏ రహస్యసంఘమువారిదియు కాదు. రుమేనియా దేశపు ఆర్థడాక్సు క్రైస్తవ గురువుల ప్రార్థనను సంగీతకర్త్రి జోస్లిన్ పూక్ వెనుకనుండి ముందునకు వినిపించినది. ముఖములకు పెట్టుకొన్నవి వెనిసు నగరపు మాస్కులు. ఇంతేకాక, మొదట భగవద్గీతా శ్లోకమును సహితము ఆ కూటమున పాడించిరి. పవిత్ర గ్రంథమును అట్టి దృశ్యమునకు వాడుట తగదని హిందువులు అభ్యంతరము చెప్పగా, కొన్ని దేశములలో విడుదలచేసిన ప్రతులలో ఆ శ్లోకమును తీసివేసిరి. అనగా ఒక మతపు ప్రార్థన, మఱియొక మతపు శ్లోకము, ఇంకొక ఊరి మాస్కులు కలిపి వండిన వంట అది. తమకు తెలియనివారి భక్తిని తెచ్చి భయమునకు వేషముగా తొడుగుట చలనచిత్రములలో తఱచుగా జరుగు పని. ఒకరి దేవాలయములో శాంతినిచ్చు ధ్వని మఱియొకరి చిత్రములో సైతానుని మంత్రమగును.

2006 లో రాన్ హవర్డ్ తీసిన ‘ద డా విన్చీ కోడ్’ మన రాష్ట్రములలో పెద్ద కలకలము లేపినది. క్రీస్తును గూర్చిన ఒక రహస్యమును ‘ప్రయరీ ఆఫ్ సియాన్’ అను సంఘము 1099 నుండి కాపాడుచున్నదని ఆ కథ. నిజమునకు ఆ పేరుగల సంఘమును పియేర్ ప్లాంటార్ అను ఫ్రెంచివాడు 1956 లో ప్రభుత్వ కార్యాలయమున నమోదు చేయించెను. తరువాత 1960 ప్రాంతపు దశకములో అతడును అతని మిత్రులును పాతవిగా కనబడునట్లు కొన్ని పత్రములను కల్పించి పారిసు జాతీయ గ్రంథాలయమున చేర్చిరి. లియొనార్డో, న్యూటన్ మొదలగువారు ఈ సంఘమునకు పెద్దలని అందులో వ్రాసిరి. పరిశోధకులు ఆ కల్పనను బయటపెట్టిరి. అయినను నవలాకారుడు దానిని కథగా మలచెను, ప్రేక్షకులలో కొందఱు చరిత్రగా నమ్మిరి.

కేంద్ర సెన్సారు మండలి దీనిని పెద్దలకు మాత్రమే యని అనుమతించి, ఇది కల్పనయను ప్రకటనను చేర్చుమనెను. క్రైస్తవులును ముస్లిములును నొచ్చుకొని అభ్యంతరము తెలుపగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006 జూన్ నెలలో ఆ చిత్రమును నిషేధించెను. ఆ నెలలోనే హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసెను. నొచ్చుకొన్నవారి బాధ కల్ల కాదు. కాని అబద్ధమునకు తాళము వేసినచో, ఆరంభమున చెప్పినట్లు, అందఱును తాళపు రంధ్రమునకు కన్ను చేర్చుదురు. ఆ పత్రములు 1960 దశకమునందు పుట్టినవని ఒక్క మాట నేర్పుట నిషేధముకంటె బలమైన జవాబు.

ఇంతవరకు చెప్పినవి వినోదపు సంగతులు. వీనినింతగా విమర్శింపనేల యని చదువరులు అడుగవచ్చును. దానికి సమాధానముగా మఱియొక చిత్రమును చెప్పి తీరవలెను. అది 1943 లో, జర్మనులు ఆక్రమించుకొన్న పారిసులో విడుదలయైన ‘ఫోర్స్ ఓక్యుల్త్’, అనగా గుప్తశక్తులు. దానిలో ఒక యువ శాసనసభ్యుడు ఫ్రీమేసనుల సంఘమున చేరును. దీక్షావిధిని చిత్రము వివరముగా చూపును. తరువాత ఆ సంఘమువారు యూదులతో కలిసి ఫ్రాన్సును జర్మనీపై యుద్ధములోనికి దింపుటకు కుట్ర చేయుచున్నట్లు చూపును. తీసిన ఝాన్ మామీ తాను పూర్వము ఫ్రీమేసనే. గనుక విధులలో నిజము కొంత యున్నది. ఆ నిజమును ఎరగా వేసి, కుట్రయను అబద్ధమును మ్రింగించిరి.

ఆ అబద్ధమునకు మూల్యము చెల్లించినవారు మనుష్యులు. 1935 లోనే హిట్లరు ప్రభుత్వము జర్మనీలోని లాడ్జీలను మూయించెను. ఫ్రాన్సులో 1940 ఆగస్టు 13 న రహస్యసంఘములను నిషేధించిరి. 1941 లో సంఘపు పెద్దల పేర్లను వేలకొలదిగా ప్రభుత్వ పత్రికలో ప్రకటించి, వారిని ఉద్యోగములనుండి తొలగించిరి. యూదుల సంగతి చెప్పనలవి కాదు. లోకమును ఏలుటకు యూదుల పెద్దలు కుట్ర పన్నిరని చెప్పు ఒక పుస్తకము 1903 లో రష్యాలో వెలువడెను. అది 1864 నాటి ఒక ఫ్రెంచి పుస్తకమునుండి దొంగిలించి అల్లినదని లండను టైమ్స్ పత్రిక 1921 లో ఋజువు చేసెను. అయినను నాజీలు దానిని ప్రచారము చేయుట మానలేదు. అట్టి ద్వేషము చివరకు అఱువదిలక్షల యూదుల ప్రాణములు తీసెను. ఝాన్ మామీకి 1949 లో, శత్రువుతో చేతులు కలిపి దేశద్రోహము చేసినందులకు, మరణశిక్ష అమలు జరిగెను.

కాబట్టి చిత్రములోని చిహ్నమును గూర్చి ఎవరైనను మర్మము చెప్పినపుడు మన విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ గుర్తు మొదట ఎక్కడ, ఏ సంవత్సరమున, ఎవరిచేత వాడబడినది? దానిని ఇక్కడ ఉంచినవాడు కథ కొఱకు ఉంచెనా, విశ్వాసము కొఱకు ఉంచెనా, ఆధారమేమి? ఈ మాటను నమ్మినచో మనము ఎవరిని ద్వేషింపవలసివచ్చును? మొదటి రెండు ప్రశ్నలు చరిత్రకు సంబంధించినవి. మూడవది హృదయమునకు సంబంధించినది, మిక్కిలి ముఖ్యమైనదియు అదియే. ఆధారము లేకుండ ఒక జాతినో, ఒక మతమునో, పొరుగువానినో శత్రువుగా చూపు మర్మము మర్మము కాదు, విషము.

తల్లిదండ్రులకును ఒక మనవి. పిల్లలు ఇట్టి కథలు చెప్పినపుడు గద్దించి నోరు మూయింపకుడు. కూర్చుండబెట్టి, నీకెట్లు తెలిసినదని మెల్లగా అడుగుడు. సందేహము జ్ఞానమునకు మొదటి మెట్టు. కాని సందేహించువాడు తన సందేహమునుగూడ సందేహింపవలెను. త్రాటిని చూచి పామని భయపడినవానికి కావలసినది కఱ్ఱ కాదు, దీపము. ఆ దీపమును వెలిగించి చేతికిచ్చుటయే ఇంటియొక్కయు బడియొక్కయు పని.